సైక్లోక్రాస్ సైకిల్‌కి మడ్‌గార్డ్‌లు బిగించడం: మన వాన, మన రేగడి చూసుకుని

సైక్లోక్రాస్ సైకిల్ పుట్టిందే బురదలో తొక్కడానికి. అయినా దాన్ని చేసినవాళ్ల లెక్క వేరు. పోటీ గంటసేపు ఉంటుంది, బురద పట్టిన సైకిల్ దిగేసి పక్కన కడిగి ఉంచిన ఇంకోదాన్ని ఎక్కొచ్చు, ఒంటికి ఎంత పూసుకున్నా ఎవరూ ఏమీ అనరు. అందుకే పోటీకి చేసిన ఫ్రేముల్లో చాలావాటికి మడ్‌గార్డ్ బిగించుకునే కన్నాలే ఉండవు. మనం అదే సైకిల్ మీద శ్రీకాకుళం నుంచి ఆమదాలవలసకి పనికి వెళ్తాం, ఆదివారం కళింగపట్నం దాకా పోయొస్తాం, విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్తాం. చొక్కా వెనక నిలువునా ఎర్ర గీత పడితే ఆఫీసులో కూర్చోలేం.

మొదలుపెట్టే ముందే ఒక మాట. గార్డు చక్రాన్ని ఎంత కప్పిందని అందరూ చూస్తారు. టైరుకీ గార్డుకీ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో ముందు చూడాలి. ఖాళీ చాలని గార్డు కంటే అసలు గార్డు లేకపోవడమే నయం. కింద చెప్పే ప్రతి కొలతా ఆ ఖాళీ కోసమే.

ముందు మీ దారి చూసుకోండి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైకిల్‌కి మూడు రకాల తడి తగులుతుంది. తారు మీద నీళ్లు, గ్రావెల్ రోడ్డు మీద పల్చటి ఎర్ర గుజ్జు, పొలాల మధ్యా కాలువ గట్ల మీదా నల్లరేగడి. మొదటి రెండింటికీ నిండు గార్డులే, అంటే చక్రాన్ని సగం దాకా చుట్టి కమ్మీలతో ఇరుసు దగ్గర బిగిసేవే, సరైనవి. ఎర్ర గుజ్జులో సన్నటి ఇసుక ఉంటుంది. అది బ్రేక్ ప్యాడ్లని ఆకురాయిలా అరగదీస్తుంది, పెడళ్ల ఇరుసు బేరింగుల్లోకీ చైన్‌లోకీ దూరుతుంది. ముందు గార్డు కాపాడేది మీ ముఖాన్ని కొంత, ఆ బేరింగుల్ని ఎక్కువ.

మూడోదైన రేగడి దగ్గర లెక్క తిరగబడుతుంది. దాని సంగతి చివర్లో విడిగా చెబుతాం. ఇప్పటికి ఒక్కటి గుర్తుంచుకోండి: ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, తారురోడ్డుని కూడా నమ్మలేం. దమ్ము పట్టి రోడ్డెక్కిన ట్రాక్టరు చక్రాల నుంచి రేగడి పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. పైన చినుకు పడితే అది సబ్బే.

కొలతలు

టైరు పక్కన రాసి ఉన్న అంకె నమ్మకండి. అంతర్జాతీయ పోటీ నియమం ప్రకారం సైక్లోక్రాస్ టైరు 33 మి.మీ. దాటకూడదు కాబట్టి చాలా టైర్ల మీద 33 అని ఉంటుంది. అదే టైరు వెడల్పాటి రిమ్ము మీదికి ఎక్కితే 35 దాకా వస్తుంది. పూర్తిగా గాలి కొట్టి వెర్నియర్‌తో కొలవండి. వెర్నియర్ లేకపోతే స్క్రూ స్పానర్ దవడలు టైరుకి రెండు పక్కలా ఊరికే తగిలేలా దగ్గరికి తిప్పి, తీసి, ఆ సందుని స్కేలు మీద పెట్టి చూడండి. టైరు గుబ్బలతో కలిపి కొలవాలి.

గార్డు వెడల్పు దానికంటే 8 నుంచి 12 మి.మీ. ఎక్కువ ఉండాలి. టైరు 33 నుంచి 35 అయితే 45 మి.మీ. గార్డు. 38 నుంచి 40 అయితే 50 పైన. సన్నది తీసుకుంటే నీళ్లు పక్కలనుంచి చిమ్ముతాయి. మరీ వెడల్పుది ఫోర్కు రెండు కాళ్ల మధ్యా పట్టక అంచులు నలుగుతాయి. కాబట్టి ఆ సందు కూడా కొలిచిపెట్టుకోండి, గార్డు కంటే 2 మి.మీ. అయినా ఎక్కువ ఉండాలి.

ఇక అసలు కొలత. మూడు చోట్ల చూడాలి. ముందు చక్రం మీద ఫోర్కు కాళ్లు కలిసే చోటు, దాన్ని ఫోర్కు మెడ అందాం. సీటు నుంచి వెనక ఇరుసుకి దిగే రెండు గొట్టాల్నీ కలిపే అడ్డు, అది పై అడ్డు. పెడళ్ల వెనక, చైన్ పక్కనుంచి వెళ్లే గొట్టాల్ని కలిపేది కింది అడ్డు. ఈ మూడు చోట్లా టైరు నెత్తికీ లోహానికీ మధ్య కనీసం 13 మి.మీ. ఉండాలి. గార్డూ దాని క్లిప్పూ కలిసి 3 పోగా మిగతా 10 మి.మీ. ఖాళీ. స్కేలు దూరని చోట పెన్సిళ్లు వాడండి. మామూలు పెన్సిలు మందం 7 మి.మీ. ఉంటుంది. రెండు పెన్సిళ్లు ఒకదాని మీదొకటి పెడితే దూరుతున్నాయా, నిండు గార్డు పడుతుంది. ఒక్కటే దూరితే పట్టదు.

ఒక్కటే దూరినప్పుడు దారి ఉంది. వానకాలం నాలుగు నెలలకి 28 మి.మీ. టైర్లు ఎక్కించండి. టైరు వెడల్పు 5 తగ్గితే ఎత్తు కూడా దాదాపు అంతే తగ్గుతుంది, కావలసిన ఖాళీ దొరుకుతుంది. తారు మీద తిరిగేవాళ్లకి దీనివల్ల నష్టమేం లేదు. గ్రావెల్ మీద మాత్రం గుంటలు చేతులకి తెలుస్తాయి. ఖాళీ కోసం గార్డుని టైరుకి 4, 5 మి.మీ. దగ్గరికి నొక్కేయడం మాత్రం వద్దు. చిన్న కంకరరాయి చాలు, గరగరమని గీరుతూ ఇంటిదాకా వస్తుంది.

సామాన్లు

గార్డుల జత ఒకటి. ఎం5 (అంటే 5 మి.మీ. లావు) బోల్టులు 12 మి.మీ. పొడవువి 6, 25 మి.మీ.వి 2. వాషర్లు డజను. నైలాన్ రింగున్న నట్లు 4. ఎం5 బోల్టు దూరే 10 మి.మీ. స్పేసర్లు 2. ఫోర్కు మెడకి ఎం6 బోల్టు ఒకటి, పొడవు మీ ఫోర్కుని బట్టి. నల్ల కేబుల్ టైలు ఆరు. తెల్లవి తీసుకోకండి, ఎండకి తొందరగా పెళుసెక్కి పుటుక్కుమంటాయి. నీలిరంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు మర వదులవకుండా పట్టే జిగురు) చిన్న ట్యూబు, కొంచెం గ్రీజు.

పనిముట్లు 4 మి.మీ. ఎలెన్ కీ, 8-9 స్పానర్, 10-11 స్పానర్, హాక్సా బ్లేడు, ఆకురాయి, కటింగ్ ప్లయర్, మార్కర్, ఇన్సులేషన్ టేపు. ఎం5 నట్టుకి 8, ఎం6 నట్టుకి 10 సరిపోతుంది. డ్రిల్లు ఉంటే 5.5 మి.మీ. బిట్.

బోల్టులు స్టెయిన్‌లెస్‌వే కొనండి. సముద్రం గాలికి మామూలు బోల్టు ఒక్క వానకాలంలో తుప్పు పట్టి తల గుండ్రమైపోతుంది, తర్వాత ఎలెన్ కీ పట్టదు. షాపులో అనుమానం వస్తే అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే అది మనకి కావలసిన స్టెయిన్‌లెస్ కాదు.

ఇంకో సామాను తాపీమేస్త్రీ దగ్గరో ఇనుప సామాన్ల షాపులోనో దొరుకుతుంది: లెవెల్ చూసే పారదర్శకం పైపు, సుమారు 10 మి.మీ. లావుది, మీటరు ముక్క. దేనికో ఇప్పుడే చెబుతాం.

మొదట వెనక గార్డు

వెనకది సులువు, చేయి అలవాటు పడుతుంది. అందుకే దానితో మొదలుపెట్టండి.

సైకిల్ కడిగి, వెనక చక్రం తీసేయండి. ఫ్రేము కన్నాల్లో రంగూ మట్టీ పేరుకుని ఉంటాయి. బోల్టుకి గ్రీజు రాసి, చేత్తోనే, మొదట వెనక్కి తిప్పండి. ఒక చోట టిక్కున చిన్న దెబ్బ వేలికి తెలుస్తుంది. అది మర మొదలయ్యే చోటు. అక్కడినుంచి ముందుకి తిప్పితే బోల్టు వంకరగా ఎక్కదు. నాలుగు చుట్లు చేత్తో తిరగాలి. తిరగకపోతే స్పానర్‌తో బలవంతం చేయకండి. మామూలు సైకిల్ డబ్బాలో ఏరుకున్న బోల్టు ఎం5లాగే కనిపించినా మర వేరై ఉండొచ్చు. అల్యూమినియం కన్నంలో ఉక్కు బోల్టుని నొక్కి తిప్పితే పోయేది ఫ్రేము మరే.

గార్డుని కిందినుంచి పైకి తోసి, ముందు కింది అడ్డుకి బిగించండి. అక్కడ కన్నం ఉంటే ఒక బోల్టు. లేకపోతే గార్డు చివర రెండు కన్నాలు పెట్టి కేబుల్ టైతో అడ్డుకి కట్టొచ్చు, గట్టిగానే నిలుస్తుంది. గార్డుకి కన్నం పెట్టాలంటే వెనక చెక్కముక్క ఆనించి డ్రిల్లు నెమ్మదిగా తిప్పండి. కాల్చిన మేకుతో పొడిస్తే అంచు కరిగి ముడుచుకుంటుంది, తర్వాత బీట అక్కడే మొదలవుతుంది. కొన్ని ఫ్రేముల్లో కింది అడ్డు చక్రానికి చాలా దూరంగా ఉంటుంది. అప్పుడు గార్డుని ముందుకి వంచి అడ్డుకి అంటించకండి, మధ్యలో స్పేసర్ పెట్టండి. సన్న పీవీసీ పైపు ముక్క సరైన పొడవుకి కోసి, పొడుగు బోల్టు అందులోంచి పోనిస్తే చాలు.

తర్వాత పై అడ్డు. గార్డుతో వచ్చే జారుడు క్లిప్పుని అడ్డు కిందికి జరిపి బోల్టు వదులుగా పెట్టండి. బోల్టు తల లోపలికి, అంటే టైరు వైపుకి, నట్టు పైకి. ఇది తిరగేస్తే నట్టూ బోల్టు కొసా టైరు వైపు పొడుచుకొస్తాయి, బురద మొదట పట్టుకునేది వాటినే.

ఇప్పుడు చక్రం పెట్టి, తొక్కేటప్పుడు ఎంత గాలి ఉంచుతారో అంతా కొట్టండి. లెవెల్ పైపుని టైరు నడినెత్తిన పొడవునా పరిచి నాలుగు చోట్ల టేపు వేయండి. గార్డుని దాని మీద మెత్తగా ఆనించండి. గార్డు పొడవునా టైరుకి ఒకే 10 మి.మీ. దూరంలో, ఏ కొలతబద్దా లేకుండానే, గుండ్రంగా కూర్చుంటుంది. కంటితో సరిచూస్తే మాత్రం ముందు దగ్గర సరిపోయి వెనక కొస టైరుని ముద్దాడుతుంది, ఎప్పుడూ అంతే.

కమ్మీలు

గార్డు పైపు మీద ఆని ఉండగానే కమ్మీల్ని ఇరుసు దగ్గరి కన్నాలకి తగిలించండి. కమ్మీ ఎక్కడ క్లిప్పులోంచి బయటికి పొడుచుకొస్తుందో అక్కడ టేపు చుట్టి మార్కర్‌తో గీయండి. ఇప్పుడే కోయొద్దు. రెండు పక్కలా గీసి, బిగించి, పైపు తీసి, చక్రం తిప్పి చూశాకే కోయాలి. కోసినది అతకదు.

బిగించే ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి. అన్ని బోల్టులూ వదులు చేసి ఉన్నప్పుడు గార్డు ఎక్కడ ఉండాలో అక్కడే తనంతట తాను ఉండాలి. ఏదైనా ఒక బోల్టు విప్పగానే గార్డు టక్కున పక్కకి లేచిందంటే, దాన్ని లాగి బిగించారన్నమాట. అలా లాగుడు మీద ఉన్న గార్డు నెలరోజుల్లో పై అడ్డు క్లిప్పు దగ్గర బీట ఇస్తుంది. ప్లాస్టిక్ నాసిరకం అని అందరూ తిడతారు గానీ పదింట తొమ్మిదిసార్లు తప్పు బిగింపుది. కమ్మీ పొడవు మార్చండి, లేదా ప్లయర్‌తో కొంచెం వంచండి, గార్డుని మాత్రం లాగకండి.

డిస్క్ బ్రేకులున్నవాళ్లకి ఎడమపక్క ఇబ్బంది వస్తుంది, డిస్కుని నొక్కే క్యాలిపర్ కమ్మీకి అడ్డం పడుతుంది. 25 మి.మీ. బోల్టూ 10 మి.మీ. స్పేసరూ ఆ పక్కకే. స్పేసరు ఇంకా పెంచి 20 దాటించారంటే బోల్టు గుంటల్లో వంగడం మొదలవుతుంది. అప్పుడు స్పేసరు తగ్గించి కమ్మీనే క్యాలిపర్ చుట్టూ వంచడం మేలు. కమ్మీ డిస్కుకి 3 మి.మీ. అయినా దూరం ఉండాలి, బ్రేక్ గొట్టానికి తగలనే కూడదు. తగిలితే రోజూ ఊగి ఊగి గొట్టం పైపొర అరిగిపోతుంది.

కుడిపక్క ఇంకో ఉచ్చు ఉంది. అక్కడ బోల్టు పొడుగైతే కొస లోపలివైపు పొడుచుకొచ్చి అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీద ఉన్న చైన్‌కి తగులుతుంది. స్టాండు మీద బాగానే ఉంటుంది, రోడ్డెక్కి గేరు మార్చగానే చైన్ దానికి చిక్కుకుంటుంది. బోల్టు కొస ఫ్రేము లోపలి అంచుతో సమానంగా ఆగిపోవాలి. ఎక్కువైతే ఇంకో వాషరు వేయండి, లేదా కొస కోసి ఆకురాయి పట్టండి.

ఫ్రేము కన్నాల్లోకి వెళ్లే ప్రతి బోల్టుకీ మర మీద ఒక చుక్క థ్రెడ్‌లాకర్. అది కదలకుండా పట్టడమే కాదు, స్టెయిన్‌లెస్‌కీ అల్యూమినియంకీ మధ్య ఉప్పునీళ్లు చేరకుండా కూడా ఆపుతుంది. లేకపోతే ఆ రెండు లోహాలూ కలిసిన చోట తెల్లటి పొడి పుట్టి బోల్టు అతుక్కుపోతుంది. థ్రెడ్‌లాకర్ వేసేముందు కన్నంలోని గ్రీజు తుడిచేయాలి, గ్రీజు మీద అది పట్టదు. బిగింపు 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు. బిగింపు కొలిచే టార్క్ రెంచి లేకపోతే ఎలెన్ కీ పొడుగుకాలు బోల్టులో పెట్టి, పొట్టికాలు రెండు వేళ్లతో పట్టుకుని బిగించండి. దానితో ఎంత బిగుస్తుందో అంత చాలు.

అంతా కుదిరాక కమ్మీలు కోసి, కొసలు ఆకురాయితో గుండ్రం చేసి, రబ్బరు టోపీలు తొడగండి. టోపీలు పోతే ఆ కొస పిక్కకి బ్లేడులా తగులుతుంది.

ముందు గార్డు, జాగ్రత్తగా

ఫోర్కు మెడ కన్నంలో ఎం6 బోల్టు వెనకనుంచి వేసి గార్డు క్లిప్పు తగిలించండి. క్యాంటీ బ్రేకులున్న (తీగ లాగితే రెండు చేతులు రిమ్ముని నొక్కే రకం) పాత సైకిళ్లలో బ్రేక్ తీగ ఆపే బ్రాకెట్టు కూడా అదే బోల్టు మీద ఉండొచ్చు. అప్పుడు కొంచెం పొడుగు బోల్టు తీసుకుని రెండూ కలిపి వేయండి. కార్బన్ ఫోర్కు అయితే మెత్తగా బిగించండి, వెడల్పు వాషరు వేయండి. పైపు పరిచి ఖాళీ కుదర్చడం వెనకలాగే.

కమ్మీల దగ్గర మాత్రం తేడా ఉంది. ముందు గార్డు కమ్మీలకి ఊడిపోయే సేఫ్టీ క్లిప్పులు తప్పనిసరి. ఎందుకంటే, పుల్ల ఒకటి టైరుతోపాటు పైకెక్కి గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుంటే చక్రం గార్డుని ముందుకి లాక్కుపోతుంది. గార్డు ఫోర్కు కింద మడతపడి చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీంచి వెళ్లిపోతాడు. సేఫ్టీ క్లిప్పు ఉంటే ఆ లాగుడుకి కమ్మీ పుటుక్కున ఊడి గార్డు పక్కకి తప్పుకుంటుంది. తీరం వెంబడి సరుగుడు తోటల పక్కన, ఉద్దానం కొబ్బరి తోటల మధ్య, గాలివాన వెలిసిన మర్నాడు రోడ్డు మీద ఎన్ని పుల్లలుంటాయో తొక్కేవాళ్లకి తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఆ పక్క చెట్లు ఎలా పడ్డాయో జిల్లా మొత్తానికి తెలుసు. తుపాను వారంలో క్లిప్పులేని ముందు గార్డుతో ఆ దారిన వెళ్లకండి.

బిగించాక కమ్మీని చేత్తో గట్టిగా ముందుకి లాగి చూడండి. ఊడాలి. మళ్లీ నొక్కితే కూర్చోవాలి. దారిలో క్లిప్పు ఊడుతోందని విసుక్కుని కేబుల్ టై వేసి కట్టేసేవాళ్లున్నారు. అది క్లిప్పు లేనట్టే. ఊరికే ఊడుతుంటే కమ్మీ పొడవు సరిగా లేక లాగుడు పడుతోందని అర్థం, దాన్ని సరిచేయండి.

తర్వాత కాలివేళ్ల సంగతి. సీటు మీద కూర్చుని, పెడల్ మూడుగంటల ముల్లులా ముందుకి పెట్టి, హ్యాండిల్ రెండు పక్కలా తిప్పండి. చిన్న సైజు ఫ్రేముల్లో బూటు కొస గార్డుకి తగలడం మామూలే. వేగంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అంత తిప్పం కాబట్టి ఇబ్బంది లేదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో, విజయనగరం గంటస్తంభం దగ్గర ఇరుకులో నడకవేగంతో వెనక్కి తిరిగేటప్పుడే పడేస్తుంది. ఆ మలుపులో ఏ పక్కకి తిరుగుతున్నారో దానికి అవతలి పక్క కాలు వెనక్కి ఉంచుకోవడం అలవాటు చేసుకోండి. తగలడం మరీ ఎక్కువైతే కమ్మీ బోల్టు తలలు బయటికి పొడుచుకొచ్చాయేమో చూడండి. చాలాసార్లు తగిలేది గార్డు కాదు, ఆ తలలే.

గార్డు ముందు కొస ఫోర్కు మెడ దాటి ముందుకి 10 నుంచి 15 సెం.మీ. ఉండాలి. టైరు నెత్తిమీంచి ముందుకి ఎగిరే నీళ్లని ఎదురుగాలి వెనక్కి తెచ్చి కళ్లలో కొడుతుంది. పొట్టి గార్డులవాళ్లు కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లేది అందుకే.

ఫ్లాప్

మొత్తం పనిలో తక్కువ ఖర్చూ ఎక్కువ లాభమూ ఇక్కడే. ముందు గార్డు కింది కొసకి వేలాడే ముక్క లేకపోతే గార్డు ఎంత మంచిదైనా బూట్లు పది నిమిషాల్లో తడుస్తాయి. కంపెనీ ఇచ్చే ఫ్లాప్ చాలావాటికి పొట్టిగానే ఉంటుంది.

అయిదు లీటర్ల నూనె క్యానో ఫినాయిల్ క్యానో తీసుకుని పక్క చదునైన భాగం కోయండి. పై వెడల్పు గార్డుతో సమానం, కింద 3 సెం.మీ. ఎక్కువ, పొడవు 15 సెం.మీ. మూలలు కత్తెరతో గుండ్రం చేయండి. పైన రెండు కన్నాలు పెట్టి గార్డు లోపలివైపు ఆనించి, రెండు చిన్న బోల్టులు వాషర్లతో. ట్యూబు రబ్బరు వాడేవాళ్లూ ఉన్నారు. స్కూటరు ట్యూబు పల్చగా ఉండి గాలికి ముడుచుకుని టైరు కిందికి పోతుంది, లారీ ట్యూబు బరువుకి గార్డు ఊగుతుంది. క్యాను ప్లాస్టిక్కే అన్నిటికంటే కుదురు.

తారు మీద మాత్రమే తిరిగితే ఫ్లాప్ నేలకి 8 నుంచి 10 సెం.మీ. ఎత్తులో ఆగొచ్చు. గట్లు ఎక్కేవాళ్లు, ఇంటి మెట్ల మీంచి సైకిల్ దించేవాళ్లు 15 దగ్గర ఆపండి. మెట్టు దిగేటప్పుడు ఫ్లాప్ మెట్టుకి ఆని గార్డు కొస విరగడం తరచూ జరిగేదే. సైకిల్‌ని వెనక్కి నెట్టేటప్పుడు ఫ్లాప్ టైరు కింద పడుతుంది, అదీ చూసుకోండి. వెనక ఫ్లాప్ మీకోసం కాదు, మీ వెనక వచ్చేవాడి ముఖం కోసం. నలుగురు కలిసి వెళ్లే ఆదివారాలకి పెట్టకపోతే మాటపడతారు.

కన్నాల్లేని ఫ్రేము

ఫ్రేము గొట్టం అల్యూమినియమో ఉక్కో అయితే రబ్బరు తొడుగున్న పీ ఆకారం క్లాంపులు దొరుకుతాయి. గొట్టం వ్యాసం కొలిచి అదే సైజువి నాలుగు తీసుకోండి. ఒక సైజు పెద్దది తెచ్చి టేపు చుట్టి సరిపెట్టకండి, వానకి జారి గార్డు చక్రంలో పడుతుంది. కార్బన్ గొట్టం చుట్టూ లోహపు క్లాంపు బిగించొద్దు. ఆ గొట్టం నొక్కుడికి చేసినది కాదు, పగులు పైకి కనిపించకుండా లోపలే మొదలవుతుంది. దానికి రబ్బరు పట్టీలతో కట్టుకునే తేలిక గార్డులే దారి. పట్టీ కింద పారదర్శకం స్టిక్కరు అతికించండి, లేకపోతే ఇరుక్కున్న ఇసుక రంగుని గీరేస్తుంది.

అదీ కుదరకపోతే సీటు కింద పట్టాలకి బిగించే రెక్క ఒకటి, ముందు కింది గొట్టానికి క్యాను ప్లాస్టిక్ పలక ఒకటి కేబుల్ టైలతో. వీపూ పెడళ్ల ఇరుసూ కొంత దక్కుతాయి, బూట్లు దక్కవు.

నల్లరేగడి

రేగడిలో నీళ్లు తాగి ఉబ్బే బంకమన్ను ఎక్కువ. గుబ్బల టైరు దాన్ని చుట్టూ పట్టుకుని పైకి తెస్తుంది, గార్డు అంచు గీకి లోపలే దాచుకుంటుంది. ముందు ఫోర్కు మెడ దగ్గరా, వెనక కింది అడ్డు దగ్గరా ముద్దలా కూరుకుంటుంది. 10 మి.మీ. ఖాళీ ఉన్నా తడి రేగడిలో కొద్ది దూరానికే చక్రం బరువెక్కుతుంది. వంశధార కాలువ గట్టు మీద గ్రావెల్ పోయని ముక్క వస్తే వాన మర్నాడు దిగి మోసుకుపోవడమే మేలు.

చక్రం బరువెక్కగానే ఇంకా గట్టిగా తొక్కేవాళ్లు ఎక్కువ. అక్కడే పోయేది. వెనక గేరులో బురద, గడ్డి కూరుకుని ఉండగా బలంగా తొక్కితే గేరు వేలాడే చిన్న హ్యాంగరు విరిగి, గేరు చువ్వల్లోకి పోతుంది. దిగి, చక్రాన్ని వెనక్కి తిప్పి, వెదురుపుల్లతో గార్డు లోపలి ముద్ద తోయండి. ముద్ద ఆరితే ఇటుకే, కాబట్టి తడిగా ఉన్నప్పుడే. రోడ్ల మీద గోగునార ఆరబెట్టే రోజుల్లో, వరిగడ్డి పరిచే రోజుల్లో చైన్ పళ్లచక్రాలకి నార చుట్టుకుంటుంది. దాన్ని లాగితే బిగుస్తుంది, బ్లేడుతో కోసి తీయాలి.

మీ వానకాలమంతా పొలం దారులే అయితే నిండు గార్డుల జోలికి పోకండి. సీటు రెక్కతో సరిపెట్టుకోండి. సగం తారు సగం గట్టు అయితే ముందు గార్డు ఉంచి, వెనకది కింది అడ్డు దగ్గర 10 సెం.మీ. కోసేయండి. బురద కూరుకునే మూల పోతుంది, వీపు పొడిగానే ఉంటుంది.

మొదటి 30 కి.మీ.

సైకిల్‌ని అర అడుగు ఎత్తునుంచి నేల మీదికి వదలండి. గార్డు మోగితే ఏ బోల్టో వదులుగా ఉంది. చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టి వినండి, ఒకే చోట చుర్రుమంటే రిమ్ము వంకర, అంతటా మోగితే గార్డు వంకర. 30 కి.మీ. తిరిగొచ్చాక బోల్టులన్నీ ఒకసారి చూడండి. వాషర్లు అప్పటికి కూర్చుంటాయి కాబట్టి పావు చుట్టు తిరుగుతాయి, అది మామూలే. నైలాన్ నట్టు మూడు నాలుగుసార్లు విప్పి బిగించాక పట్టు పోతుంది, మార్చేయండి.

బీచి దాకా వెళ్లొచ్చిన రోజు గార్డు లోపలి వైపుకి మంచినీళ్లు పట్టండి. బయట తుడిచి లోపల వదిలేస్తే ఉప్పు క్లిప్పు స్క్రూల్ని తినేస్తుంది. సీటు సంచిలో ఒక ఎం5 బోల్టు, రెండు కేబుల్ టైలు, 4 ఎలెన్ కీ ఎప్పుడూ ఉండాలి.

డిసెంబరులో గార్డులు విప్పేస్తే ఫ్రేము కన్నాలు ఖాళీగా వదలకండి. గ్రీజు రాసిన పొట్టి బోల్టులు వాటిల్లో పెట్టి ఉంచితే మళ్లీ జూన్‌లో మర తేటగా దొరుకుతుంది.